నల్ల గొర్రెల మందకు నెల్లూరు పొట్టేలు కట్టాలా, మందనే మార్చాలా?

పర్వతగిరి మంద (జూన్ 9)
నమస్తే అందరికీ. మాది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం. 120 ఆడగొర్రెలు ఉన్నాయి, అన్నీ నల్లవే, దక్కని జాతివి. మా తాత కాలం నుంచి వస్తున్న మంద. ఈ మధ్య అంగడికి పోతే ఒకటే మాట: "నీ పిల్లలు పొట్టివి, కాలు లేదు." మొన్న ఐదు నెలల పొట్టేలు పిల్లలు 14 తీసుకుపోయాను. పక్కనే ఒకాయన జోడిపి పిల్లలు (నెల్లూరు జాతిలో నల్ల మచ్చల తెల్ల రకం) తెచ్చాడు. వయసు దాదాపు ఒకటే, ఎత్తు మాత్రం నా వాటి కంటే జానెడు ఎక్కువ. బేరగాడు ఆయన దగ్గరే ఆగిపోయాడు. నా దగ్గరికి వచ్చి ఒకదాని నడుము తడిమి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడి, చివరికి అడిగినంతకే ఇచ్చి ఇంటికొచ్చాను.

ఊలు సంగతి మీకు తెలిసిందే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. అమ్మితే వచ్చేది కత్తిరింపు కూలికి కూడా చాలదు.

ఇంట్లో తమ్ముడేమో సగం మంద అమ్మి జోడిపి గొర్రెలు కొందాం అంటాడు. బాపు మాత్రం "నేనున్నన్ని రోజులు నల్ల గొర్రె దొడ్డి దాటదు" అని కూర్చున్నాడు. నాకు మధ్య దారి ఒకటి తోస్తోంది. గొర్రెలు మనవే ఉంచి, నెల్లూరు పొట్టేలును మందలో వదలడం. మృగశిర వచ్చేసింది. నాలుగు చినుకులు పడి పచ్చిక మొలిస్తే గొర్రెలు ఎదకు వస్తాయి, అందుకే ఇప్పుడు అడుగుతున్నా. మాంసానికి అమ్ముకునే మందకు అసలు జాతి మేలా, క్రాస్ (రెండు జాతులు కలిపినది) మేలా?

జనగామ జోడిపి (జూన్ 9)
మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అన్నా. నేను 2019లో మొత్తం మార్చేశా. మన దేశంలో నెల్లూరు అంత ఎత్తు గొర్రె ఇంకోటి లేదు. ఊలు లేదు, కత్తిరింపు గోల లేదు. తెల్ల ఒళ్ళు, మూతికీ కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు. బక్రీద్‌కు కొనేవాళ్లు ఆ రూపం చూసే ఆగిపోతారు. సగం సగం పనులు వద్దు.

కురుమ బిడ్డ (జూన్ 9)
2019లో కొన్నవాటిలో 2020 వానాకాలం దాటినవి ఎన్నో కూడా చెప్పు అన్నా.

జనగామ జోడిపి (జూన్ 9)
40 కొన్నా, 11 పోయాయి. నీలి నాలుక రోగం తగిలింది. టీకా వేయించలేదు, అది నా తప్పు. జాతి తప్పు కాదు.

కురుమ బిడ్డ (జూన్ 10)
నీ తప్పు అని ఒప్పుకున్నావు, సంతోషం. కానీ సగం నిజమే చెప్పావు. 2017లో సర్కారు గొర్రెల పంపిణీ వచ్చినప్పుడు మా ఊరికీ లారీలు దిగాయి. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ ధర 1,25,000, అందులో 75 శాతం సబ్సిడీ. గొర్రెలన్నీ పక్క రాష్ట్రాలవి. చూడ్డానికి గుర్రం పిల్లల్లా ఉన్నాయి. ఊరంతా దొడ్డి దగ్గరే.

ఆ వానాకాలం మా నల్లరేగడిలో వాటి అవస్థ నేను చూశాను. గిట్టల మధ్య బురద గట్టిపడి, పుండ్లు పడి, మోకాళ్ల మీద మేసేవి. చెరువు కింద మడుల్లో మేపితే కార్జంలో జలగలు. మా నల్లవాటికి ఇవేవీ రావని కాదు, వచ్చినా నిలబడి తిన్నాయి. మా మంద సంక్రాంతి దాటాక గోదావరి ఒడ్డుకు వలస పోతుంది. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు నడుస్తూ, రాత్రి ఎవరి చేలోనో మంద పెట్టి, ఆకాశం కింద పడుకుని, మళ్లీ పొద్దున్నే లేచి నడవాలి. ఆ బతుక్కి తయారైన గొర్రె ఇది. బేరగాడికి కాలు పొడవు కావాలి సరే, ఆ కాలుతో నడవాల్సింది బేరగాడు కాదు కదా.

ఇంకోటి. కలిపేసిన మందల్లో ఇప్పుడు ఊలూ లేదు, వెంట్రుకా లేదు. వీపు మీద పట్టలు పట్టలుగా ఏదో ఉంటుంది. మా పెద్దమ్మ గొంగడికి వడకబోతే దారం చేతిలోనే జారిపోతుంది. ఊలుకు ధర లేదంటున్నారు, అసలైన ఊలు ఎంతమంది దగ్గర మిగిలింది?

హన్మకొండ పశువైద్యం (జూన్ 10)
ఇక్కడ రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

కొన్ని గుణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగానే దిగుతాయి. ఎత్తు, పెరిగే వేగం, కండ ఇలాంటివి. వాటి కోసం మంచి పొట్టేలును ఏరుకుంటే చాలు, అది ఏ జాతిదైనా సరే. మీ దక్కనిలోనే పెద్ద పొట్టేళ్లు లేవా? ఉన్నాయి. కానీ అన్నిటికంటే బాగా పెరిగిన పిల్లను దసరాకో జాతరకో ముందు అమ్మేస్తాం. దొడ్డిలో మిగిలిన బక్కదే విత్తనపు పొట్టేలు అవుతుంది. ఇలా ముప్పై ఏళ్లు చేసి, జాతి పొట్టిది అంటే దాని తప్పేముంది?

రెండో రకం గుణాలు అంత తేలిగ్గా దిగవు. చూలు నిలవడం, పుట్టిన పిల్ల బతకడం, రోగాన్ని తట్టుకోవడం. ఏరికతో వీటిని పెంచాలంటే తరాలు పడుతుంది. క్రాస్ అసలు బలం వీటిలోనే కనిపిస్తుంది.

ఆ బలం ఎన్నాళ్లు ఉంటుందో వరంగల్ రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. హైబ్రిడ్ పత్తి ఏపుగా కాసింది కదా అని ఆ చేను గింజే దాచి మళ్లీ విత్తితే ఏమవుతుంది? ఒక మొక్క నడుముదాకా, ఇంకోటి మోకాలిదాకా. గొర్రె కూడా అంతే. మొదటి తరం క్రాస్‌లో వచ్చిన అదనపు బలం, క్రాస్‌ను క్రాస్‌తోనే కలిపితే రెండో తరంలో సగానికి పడిపోతుంది. అందుకని క్రాస్ పొట్టేలు పిల్ల ఎంత ముద్దొచ్చినా విత్తనానికి ఉంచకండి.

పర్వతగిరి మంద (జూన్ 10)
డాక్టర్ గారూ, బక్కదే మిగులుతుందన్న మాట చదివి దొడ్డిలోకి పోయి చూశాను. మీరు మా పొట్టేలును చూసే రాసినట్టుంది.

ఊరి ఫార్మింగ్ ఛానల్ (జూన్ 10)
బ్రదర్స్, ఇంకా దక్కని, నెల్లూరు అంటూ కొట్టుకుంటారేంటి? డోర్పర్ తెచ్చుకోండి. ప్యూర్ ఆఫ్రికన్ బ్రీడ్. మూడు నెలల పిల్లను చూస్తే మతిపోతుంది. నా వీడియో చూడండి.

హన్మకొండ పశువైద్యం (జూన్ 10)
డోర్పర్ మంచి మాంసం గొర్రే. కానీ ప్యూర్ అనే మాట కొంచెం నెమ్మదిగా. 1930లలో దక్షిణాఫ్రికాలో డోర్సెట్ హార్న్‌నూ నల్ల తల పర్షియన్ గొర్రెనూ కలిపి తయారు చేసిందే డోర్పర్. అంటే క్రాస్ నుంచి పుట్టి, ఏరి ఏరి స్థిరపడిన జాతి. ఆ పొట్టేలు ధర ఎంతో, ఈయన మంద మొత్తం అమ్మితే ఎంతొస్తుందో వీడియోలో పక్కపక్కన పెట్టి చూపించండి.

లెక్కల మాస్టారు (జూన్ 11)
రిటైరయ్యాక పది గొర్రెలతో మొదలుపెట్టి నలభైకి వచ్చినవాణ్ణి, అనుభవం అంతంతే. లెక్క మాత్రం చెప్పగలను. అందరూ పిల్ల బరువు గురించే మాట్లాడుతున్నారు. చూడాల్సింది అది కాదు. పొట్టేలుకు కట్టిన వంద గొర్రెల మీద ఏడాదికి ఎన్ని కిలోలు అమ్మారు, అదీ లెక్క.

ఇవి ఊహ అంకెలు, మీ మంద అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. దక్కని వందకు అమ్మకం దాకా నిలిచిన పిల్లలు 85, ఒక్కోటి 16 కిలోలు అనుకుంటే 1,360 కిలోలు. జోడిపి వందకు మన బురదలో, మన మేపులో 70 నిలిచి, ఒక్కోటి 20 కిలోలు తూగితే 1,400. తేడా 40 కిలోలు. పెద్ద గొర్రె తినే అదనపు మేతలోనే అది కలిసిపోతుంది. దక్కని తల్లికి నెల్లూరు తండ్రి అయితే 82 నిలిచి, 18.5 కిలోలు వస్తే 1,517. అంగడిలో జానెడు ఎత్తు చూసి మనం మోసపోయేది ఇక్కడే. నిలబడిన పిల్లలను చూస్తాం, పోయిన పిల్లలు అంగడికి రావు.

ఇక పర్వతగిరి తమ్ముడు అడిగిన మధ్య దారిలో ఒక మెలిక ఉంది. మంద మొత్తానికీ నెల్లూరు పొట్టేలే కడితే, రేపు ముసలి గొర్రెల స్థానంలోకి నల్ల ఆడపిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? 120లో ఏటా ఐదో వంతు తీసేస్తే 24 కావాలి. 70 గొర్రెలను దక్కని పొట్టేలుకే కడితే దాదాపు 60 పిల్లలు, అందులో ఆడవి 30, వాటిలో ఏరి 24. కాబట్టి నెల్లూరుకు కట్టడానికి మిగిలేవి 50 మాత్రమే.

జనగామ జోడిపి (జూన్ 11)
70 అంకె ఎలా వేశారు మాస్టారూ? నా దాంట్లో ఇప్పుడు అన్ని పోవట్లేదు.

లెక్కల మాస్టారు (జూన్ 11)
మీరే ఇచ్చారు నాయనా, 40కి 11. నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను. మీ దాంట్లో ఇప్పుడు తక్కువ పోతుంటే మీ జవాబు వేరే ఉంటుంది. కొట్టంలో మేపుతున్నారా?

జనగామ జోడిపి (జూన్ 11)
అవును. సూపర్ నేపియర్ ఒక ఎకరం, కంది పొట్టు కొంటా. బయట మూడు గంటలే తిప్పుతా.

లెక్కల మాస్టారు (జూన్ 11)
అయితే మీరిద్దరూ వేర్వేరు వ్యాపారాలు చేస్తున్నారు.

కాజీపేట మటన్ (జూన్ 12)
కొనేవాడి మాట కూడా వినండి. నాకు జాతితో పనిలేదు. నడుము మీద వేలు పెడితే ఎముక గుచ్చుకోకూడదు, తోక మొదట్లో కొంచెం మెత్తగా తగలాలి, అంతే. జోడిపి ఎత్తు చూసి కొని, కోశాక కండ తక్కువై, కాళ్లు మాత్రం పొడుగ్గా వేలాడి నష్టపోయిన ఆదివారాలు నాకున్నాయి. నల్లది పొట్టిగా ఉన్నా నిండుగా ఉంటుంది. కానీ ఊలు ఉన్నదాన్ని బేరం ఆడేటప్పుడు కంటికి బరువు ఎక్కువ కనిపిస్తుంది, అందుకే మావాళ్లు వేలు పెట్టి చూసి తగ్గించి అడుగుతారు. కత్తిరించి తీసుకురండి, లేదా కాటా మీద పెట్టి అమ్మండి. మేడారం జాతర ఏడు ఐతే ఎవరూ జాతి అడగరు, ఉన్నదల్లా పోతుంది.

ఒక్లహోమా జనగామోడు (జూన్ 12)
నేను ఇక్కడ పశుశాస్త్రం చదువుతూ ఒక బీఫ్ రాంచ్‌లో పని చేస్తున్నా. మన దగ్గర ఆవు వ్యవహారం వేరు, అందుకని ఇక్కడి పద్ధతి వరకే చెబుతా. ఇదే గొడవ ఇక్కడా ఉంది, కాకపోతే వీళ్లు పని పంచుకున్నారు. కొందరు ఆంగస్‌నో హెర్‌ఫర్డ్‌నో అసలు జాతిగానే పెంచుతారు, కాగితాలు ఉంటాయి, వాళ్ల వ్యాపారం ఆబోతులు అమ్మడం. మామూలు రాంచర్ ఆ ఆబోతును కొని క్రాస్ దూడలు తీస్తాడు. నల్ల ఆంగస్, తెల్ల మొహం హెర్‌ఫర్డ్ కలిస్తే నల్ల ఒళ్ళు, తెల్ల మొహం. దాన్ని బ్లాక్ బాల్డీ అంటారు. అందులో ఆడవాటిని తల్లులుగా ఉంచుకుంటారు, మగవి మాంసానికే. ఆ తల్లులకు చాలాచోట్ల మూడో జాతి, షరోలే లాంటి ఆబోతును కట్టి, పుట్టినవన్నీ అమ్మేస్తారు.

ఇలా చేస్తే, కట్టిన ఒక్కో ఆవుకు పాలు మరిచేనాటి దూడ బరువు అసలు జాతి కంటే పావు వంతుకు దగ్గరగా ఎక్కువ వస్తుందని మా క్లాసులో చెప్పారు. అందులో సగానికి పైగా దూడ క్రాస్ అయినందుకు కాదు, తల్లి క్రాస్ అయినందుకు.

ఎండ, పిడుదులు ఎక్కువుండే దక్షిణ రాష్ట్రాల్లో బ్రాహ్మన్ రక్తం కలుపుతారు. ఆ బ్రాహ్మన్ మన దేశపు మూపురం పశువుల నుంచే తయారైంది, అందులో ఒంగోలు రక్తమూ ఉంది. 5/8 ఆంగస్, 3/8 బ్రాహ్మన్ కలిపి స్థిరపరిచిందే బ్రాంగస్. బ్రెజిల్‌లో అయితే ఒంగోలునే నెలోర్ అంటారు. నెల్లూరు పేరే అది. అక్కడ నెలోర్ ఆవులకు ఆంగస్ కట్టి క్రాస్ దూడలు తీస్తారు, కానీ నెలోర్‌ను అసలు జాతిగా కాపాడుకుంటూనే తీస్తారు. నేను మొదటిసారి ఫోటో చూసినప్పుడు మా అమ్మమ్మ ఇంటి ముందు కట్టేసే ఎద్దు గుర్తొచ్చింది.

అడ్మిన్ (జూన్ 12)
చర్చ గొర్రెల మీదే ఉండనివ్వండి. ఆవు మాంసం మీద వాదనకు దిగిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. పై పోస్టులో పద్ధతి గురించే ఉంది కనుక ఉంచాను.

పర్వతగిరి మంద (జూన్ 12)
అంటే డాక్టర్ గారూ, క్రాస్ ఆడపిల్లలను ఉంచుకుంటే ఇంకా లాభం కదా? తల్లి క్రాస్ అయితేనే ఎక్కువ అంటున్నాడు ఒక్లహోమా తమ్ముడు.

హన్మకొండ పశువైద్యం (జూన్ 12)
మంచి ప్రశ్న. ఆ క్రాస్ తల్లికి ఏ పొట్టేలును కడతారు? మూడో జాతి మీకు అందుబాటులో లేదు. ఒక తరం దక్కని, ఒక తరం నెల్లూరు అని మార్చి మార్చి కడితే మూడింట రెండు వంతుల అదనపు బలం నిలుస్తుంది, లెక్క ప్రకారం. కానీ ఏ గొర్రె ఏ పొట్టేలు బిడ్డో చెవి పోగుతో రాసుకోవాలి. మేపులో పది మందల పొట్టేళ్లు కలిసే ఊళ్లో అది రెండేళ్లు కూడా నిలవదు. పైగా దూరపు రక్తాలు కలిస్తేనే బలం ఎక్కువ. దక్కని, నెల్లూరు ఇరుగుపొరుగు జాతులు. అమెరికా అంకెలు మనకు రావు.

ములుగు అక్క (జూన్ 13)
ఎవరూ చెప్పని మాట నేను చెబుతా. నిరుడు మా ఆయన పెద్ద నెల్లూరు పొట్టేలు తెచ్చి మొత్తం మందలో వదిలాడు. తొలిచూలువి తొమ్మిది ఉన్నాయి, వాటినీ వేరు చేయలేదు. కార్తీకంలో ఒక రాత్రి చిన్న గొర్రె ఒకటి పొద్దుగూకినప్పటి నుంచి లేస్తూ పడుకుంటూ ఉంది. రెండు గిట్టలు బయటికొచ్చాయి, మూతి కనిపిస్తోంది, తల రావడం లేదు. నేను చేయి సబ్బుతో కడిగి, నూనె రాసుకుని, వేళ్లు పెట్టి తల చుట్టూ వదులు చేశా. అది ముక్కినప్పుడే లాగాలి, ఊరుకున్నప్పుడు లాగకూడదు. మా ఆయన సెల్‌ఫోన్ లైటు పట్టుకుని చేయి వణికిస్తున్నాడు. పిల్ల వచ్చింది, నోట్లో జిగురు తీసి గడ్డితో రుద్దితే ఊపిరి తీసింది. తల్లి మాత్రం రెండు రోజులు లేవలేదు. అలాంటివి ఆ నెలలో మూడు. ఒకదాంట్లో తల్లీపిల్లా రెండూ పోయాయి. కాబట్టి తొలిచూలు గొర్రెలకు నెల్లూరు కట్టకండి. నాలుగు ఈతలు ఈని, వెనక భాగం వెడల్పుగా ఉన్నవాటికే కట్టండి.

కురుమ బిడ్డ (జూన్ 13)
అక్క మాటకు దండం.

నర్సంపేట రైతు (జూన్ 13)
కవల పిల్లల గొర్రె గురించి విన్నాను, మహారాష్ట్రలో ఫల్టణ్‌ది. అది మేలు కాదా?

హన్మకొండ పశువైద్యం (జూన్ 13)
నారీ సువర్ణ. బెంగాల్ గారోల్ గొర్రెలో కవలలనిచ్చే జన్యువు ఒకటుంది, దాన్ని దక్కనిలోకి తెచ్చారు. తల్లికి ఒక్క కాపీ ఉన్నా తరచూ రెండు పిల్లలనిస్తుంది. ఇంటి దగ్గర దాణా పెట్టగలిగితే ఆలోచించండి. గోదావరికి నడిచే మందలో రెండు పిల్లలకు పాలెక్కడివి?

పర్వతగిరి మంద (జూన్ 15)
ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మాస్టారి లెక్క ప్రకారమే: 50 పెద్ద గొర్రెలు నెల్లూరుకు, తొలిచూలువి, మంచి రకానివి కలిపి 70 దక్కనికి. దక్కని పొట్టేళ్లు మూడు కావాలి, బయటి మందల నుంచి వెతికి మంచివి తెస్తా, మా బక్కదాన్ని అమ్మేస్తా. కానీ కాపరిని నేనొక్కణ్ణే. రెండు మందలుగా ఎలా తిప్పాలి?

హన్మకొండ పశువైద్యం (జూన్ 15)
పగలు కలిపే మేపండి, పొట్టేళ్లకు పొట్ట కింద గోనె పట్టా కట్టి. రాత్రి రెండు దొడ్లు, పట్టా విప్పి ఎవరి గొర్రెల్లో వాళ్ల పొట్టేళ్లను వదలండి. ఎద ఒక రోజైనా ఉంటుంది కనుక రాత్రి చాలు. పొట్టేలు ఎదురు రొమ్ముకు జాజు (ఎర్రమన్ను) నూనెలో కలిపి పూయండి, ఏది కట్టిందో గొర్రె వెనక భాగం మీద తెలుస్తుంది. 17 రోజులకు మళ్లీ ఎదకొస్తే నిలవనట్టు. 45 రోజులు ఉంచి తీసేయండి. చిటుక రోగం, పీపీఆర్ (పారుడు రోగం), నీలి నాలుక టీకాలు ముందే వేయించండి, నట్టల మందు కూడా.

కురుమ బిడ్డ (జూన్ 15)
నల్ల గొర్రె మీద జాజు ఏం కనపడుతుంది సార్? పసుపు కలపమనండి.

పర్వతగిరి మంద (జూలై 4)
పసుపే కలిపాం. పొద్దున దొడ్డి తెరిస్తే ఎనిమిది గొర్రెల వెనక పచ్చగా ఉంది. బాపు చూసి, "ఐనవోలు మల్లన్న బండారి గొర్రెల తోకలకు పూశావురా" అని తిట్టి, తర్వాత తనే డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

పర్వతగిరి మంద (డిసెంబర్ 28)
చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా. నెల్లూరుకు కట్టిన 50లో 44 ఈనాయి, మూడు పిల్లలు పోయాయి. ఒకదాన్ని నేనే లాగాను అక్కా, మీరు చెప్పినట్టే, ముక్కినప్పుడు. దక్కనికి కట్టిన 70లో 63 ఈనాయి, నాలుగు పోయాయి. ఇక్కడిదాకా పెద్ద తేడా లేదు. నెల దాటిన క్రాస్ పిల్లలు పదింటిని, నల్లవి పదింటిని వేపచెట్టుకు ముల్లు కాటా కట్టి తూచాను. క్రాస్‌వి సగటున కిలోకు కాస్త పైగా ఎక్కువ. క్రాస్‌వి కొన్ని తెల్లవి, కొన్ని మచ్చలవి. ఒకటి మాత్రం అచ్చం జోడిపిలా వచ్చింది, తమ్ముడు దానికి మువ్వ కట్టి విత్తనానికి ఉంచుదాం అంటున్నాడు.

హన్మకొండ పశువైద్యం (డిసెంబర్ 28)
మువ్వ విప్పించండి.

కాజీపేట మటన్ (డిసెంబర్ 29)
శివరాత్రి తర్వాత క్రాస్‌వి నాకు చూపించు తమ్మీ. కాటా మీదే కొంటా. మువ్వ కట్టినదాంతో సహా.

పర్వతగిరి మంద (డిసెంబర్ 29)
మువ్వ దాని సంగతి బాపును అడగాలి. ఇప్పుడు ఆయన కూడా తమ్ముడి వైపే ఉన్నాడు.